ఏ ఆత్మకూరు సార్?

"అల్లుడా, నువ్వు పొద్దంతా కంప్యూటర్ ముంగటనే కూసుంటవంట గద! నాకొక చిన్న పని చేసిపెట్టు."

కురుమూర్తి జాతర రోజులు. ఊరి నుంచి ఫోనొస్తే జాతరకు రమ్మని పిలుపేమో అనుకున్నాను. చేసింది మా వడ్ల మామ. రక్తసంబంధం ఏమీ లేదు. మా పాలమూరు ఊళ్లలో కులమేదైనా ఇంటింటికీ ఓ వరస ఉంటుంది. ఆ లెక్కన ఆయన మామ, నేను అల్లుణ్ని. మా ఇంటి సింహద్వారం వాళ్ల నాయన చేసింది. మా అమ్మ ఇప్పటికీ కూర్చుని కూరగాయలు తరిగే పీట ఆయన చేసింది. చిన్నప్పుడు బడి వదలగానే ఆయన దుకాణంలోకి దూరి, రంద కింద చుట్టలు చుట్టలుగా రాలే పొట్టును జేబుల్లో నింపుకుని ఇంటికొచ్చి తిట్లు తినేవాణ్ని. అలాంటి మనిషి పని చెబితే కాదంటానా?

మాది ఆత్మకూర్. ఒకప్పటి అమరచింత సంస్థానానికి ముఖ్య పట్టణం. చాలాకాలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11 నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కాస్త దూరం పోతే జూరాల, కృష్ణమ్మ. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ముందు ముందు వీటితో పనుంది. జర గుర్తుపెట్టుకోండి.

మామ అడిగిన పని నిజంగా చిన్నదే. ఆయనకు కొత్త రంద మిషన్ కావాలి. రాయచూరులో ఎవరిదో కార్ఖానాలో చూసొచ్చాడు. మిషన్‌కు బిగించిన పలక మీద ఉత్తరాది కంపెనీ పేరు, దాని కింద వెబ్‌సైట్ చిరునామా ఉన్నాయట. ఫొటో తీసి నాకు పంపాడు.

"అండ్లకు పోయి, ఒకటి పంపుమని రాయి. అంతే."

ఆ 'అంతే' తీరడానికి ఎనభై రోజులు పట్టింది.

వేలు పోయిన తర్వాత

మామ దగ్గరున్న పాత మిషన్ ఇరవై ఏళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రంద మిషన్ చూడనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. చదునైన, పొడవాటి ఇనుప బల్ల ఉంటుంది. దాని మధ్యలో అడ్డంగా ఓ సందు. ఆ సందులో బ్లేడ్లు బిగించిన ఇరుసు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. చెక్కను బల్ల మీద పెట్టి ముందుకు తోస్తే కిందివైపు పలుచని పొర లేచిపోయి నున్నగా తేలుతుంది. చేతి రందతో పూట పట్టే పని పావుగంటలో అయిపోతుంది.

పాత రకం మిషన్లలో ఆ ఇరుసు నాలుగు పలకలుగా ఉండేది. పలకకూ బల్లకూ మధ్య సందు ఎక్కువ. చెయ్యి జారిందంటే వేళ్లను లోపలికి లాక్కుంటుంది. ఇప్పటి మిషన్లలో ఇరుసు గుండ్రంగా ఉంటుంది. బ్లేడు అంచు వెంట్రుకవాసి మాత్రమే పైకి కనిపిస్తుంది. దానితోనూ ప్రమాదం లేదని కాదు. కాకపోతే గాయం లోతు తగ్గుతుంది. పైన ఓ కాపు రేకు కూడా ఉంటుంది.

పోయిన వానాకాలం తడి వేపచెక్క ఎగిరిపడి మామ ఎడమచేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోయింది. నెల రోజులు దుకాణం తెరవలేదు. ఆ తర్వాత ఆయన పాత మిషన్ ముట్టలేదు. ముట్టనివ్వలేదు కూడా. ఇంటర్ అయిపోయి తండ్రి పక్కన పనికొచ్చిన కొడుకుని దాని దరిదాపులకు పోనివ్వలేదు.

"నాది పోతె పోయింది. పోరనికన్న పది వేళ్లుండాలె గద!" అన్నాడు ఫోన్‌లో. ఆ మాట తర్వాత 'హైదరాబాద్ వచ్చినప్పుడు చూద్దాంలే మామా' అని తప్పించుకోవడానికి నాకు నోరు రాలేదు.

పైసలు కూడా సిద్ధం చేసుకున్నాడు. చేతివృత్తుల వారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి మీరు వినే ఉంటారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. కొద్దిరోజుల శిక్షణ, ఆ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15 వేల దాకా సాయం, ఆపైన తాకట్టు లేకుండా మొదటి విడతగా లక్ష వరకు అప్పు. వడ్డీ 5 శాతం. పద్దెనిమిది నెలల్లో తీర్చాలి. మామకు లక్షా మంజూరైంది. అంటే నెలకు ఐదు వేల ఏడు వందల పైచిలుకు కిస్తీ. మిషన్ వచ్చినా రాకున్నా ఆ కిస్తీ మాత్రం ఆగదు.

ఇంకోపక్క ఊళ్లోనే ఓ అత్తమ్మ ఇల్లు కట్టుకుంటోంది. తొమ్మిది తలుపులు మామకే ఒప్పజెప్పింది. మాఘమాసంలో గృహప్రవేశం. "అప్పటికి మిషనొస్తది, ఏం ఫికరు లేదమ్మా" అని ఆమెకు మాటిచ్చేశాడు.

కాలం ఆగిపోయిన చోటు

ఆ రాత్రే వెబ్‌సైట్ తెరిచాను. తెరుచుకోవడానికే మూడు నిమిషాలు పట్టింది. పైన ఎర్రక్షరాల్లో 'స్వాగతం' అని ఓ వరుస కుడి నుంచి ఎడమకు పాకుతోంది. కింద 'మీరు మా 4,812వ అతిథి' అని ఉంది. మళ్లీ తెరిచి చూస్తే మళ్లీ 4,812వ అతిథినే. ఈ సైటును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగుంటుందని ఓ సలహా కూడా రాసి ఉంది. ఆ ఎక్స్‌ప్లోరర్‌ను చేసిన కంపెనీయే 2022 జూన్ 15న దానికి సెలవిచ్చేసింది!

మిషన్ల బొమ్మలుండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. ఎందుకో కాస్త ఆలోచిస్తే అర్థమైంది. ఒకప్పుడు వెబ్‌సైట్లలో కదిలే బొమ్మలన్నీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసేవారు. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దాన్ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ బొమ్మలు ఆడటం కూడా మానేశాయి. ఈ కంపెనీ కేటలాగ్ మొత్తం అందులోనే ఉంది. అంటే ఇన్నేళ్లుగా వాళ్ల మిషన్లేవీ వాళ్ల వెబ్‌సైట్లో కనబడటం లేదు. ఆ సంగతి వాళ్లకు తెలిసినట్టు లేదు.

వెతగ్గా వెతగ్గా ధరల పట్టిక ఒకటి దొరికింది. మామ అడిగిన మిషన్ 62 వేలు. సంబరపడబోయి కింద చూశాను. 'సీఎస్టీ అదనం, సీ ఫారం ఇవ్వవలెను' అని ఉంది. దేశంలో జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న. అంటే ఈ ధర అంతకు ముందు నాటిదన్నమాట. పాత పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకున్నట్టే!

పోనీ, అసలు తెలియాల్సినవైనా తెలిశాయా? మామ నాలుగు ప్రశ్నలు రాసిచ్చాడు. ఇరుసు గుండ్రందేనా? మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? బరువెంత? ఊరి దాకా చేర్చే కిరాయి ఎవరిది? ఇరవై ఏళ్లు మిషన్ తోలిన మనిషి అడిగిన ప్రశ్నలివి. ఒక్కోదాని వెనకా ఒక్కో ఖర్చుంది. ఆయన దుకాణంలో ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటే. త్రీ ఫేజ్ మోటారు దిగిందంటే కనెక్షన్ మార్పించుకోవాలి, దరఖాస్తు పెట్టాలి, తిరగాలి. బరువు తెలియకపోతే లారీ నుంచి దించడానికి ఎంతమంది కావాలో తెలియదు. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ సైట్లో జవాబు లేదు. 'నాణ్యతే మా నినాదం' అని మాత్రం మూడుచోట్ల ఉంది.

మా రాష్ట్రం ఏదీ?

సరే, ఆర్డరు ఫారం ఉంది కదా, నింపుదాం అని కూర్చున్నాను. పేరు రాశాను. రాష్ట్రం దగ్గర జాబితా తెరుచుకుంది. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాను. తమిళనాడు ఉంది. దాని తర్వాత త్రిపుర ఉంది. మధ్యలో ఉండాల్సిన తెలంగాణ లేదు!

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఎన్ని ఉద్యమాలు, ఎన్ని ప్రాణాలు, పార్లమెంటులో ఎంత రభస! లోకమంతా తెలిసిన ఆ సంగతి ఈ ఫారం దాకా చేరలేదు. రాష్ట్రం గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. చేసేదిలేక ఆంధ్రప్రదేశ్ మీద నొక్కాను. దాని కింద జిల్లాల్లో మహబూబ్‌నగర్ కనిపించింది. వనపర్తి ఎలాగూ ఉండదని తెలుసు కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. ఊరు: ఆత్మకూర్.

ఆ తర్వాత పన్ను నంబరు అడిగింది. పదకొండు అంకెలుండాలట. అది వ్యాట్ కాలం నాటి టిన్ నంబరు. ఇప్పటి జీఎస్టీ నంబరుకు పదిహేను అక్షరాలు, అంకెలు. మామకు అదీ లేదు, ఇదీ లేదు. లేదంటే ఒప్పుకోదు. చివరికి పదకొండు సున్నాలు కొట్టాను. 'ధన్యవాదాలు, మీ ఆర్డరు అందింది' అని వచ్చింది. ఆర్డరు నంబరు లేదు, నకలు లేదు, మెయిల్ లేదు. దేవుడి హుండీలో వేసిన చీటీకి, దీనికి తేడా ఏముంది?

తొమ్మిది రోజులు చూశాం. ఉలుకు లేదు, పలుకు లేదు. రోజూ సాయంత్రం మామ ఫోను. "ఏమన్న రాసిన్రా అల్లుడా?" లేదు మామా అని చెప్పీ చెప్పీ చివరికి ఆయన ఫోనంటేనే నాకు భయం పట్టుకుంది. సైట్లో ఉన్న ల్యాండ్‌లైన్లకు చేస్తే, ఈ నంబరు వాడుకలో లేదన్నారు. మెయిల్ పంపితే పెట్టె నిండిపోయిందని తిరిగొచ్చింది. ఫ్యాక్స్ నంబరు కూడా ఒకటి ఇచ్చారుగానీ, నేను ఫ్యాక్స్ మిషన్ కళ్లజూసి పదిహేనేళ్లవుతోంది.

చివరకు మామ కొడుకే దారి చూపాడు. రాయచూరు కార్ఖానావాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు తమ మిషన్ బిల్లు మీదున్న సెల్ నంబరు చెబితే రాసుకున్నాడు. చేస్తే రెండో రింగుకే ఎత్తారు! ఓనరు గారి అబ్బాయి. చాలా మర్యాదస్తుడు. అరగంటలో మిషన్ వీడియో వాట్సాప్‌లో పంపాడు. ఇరుసు గుండ్రమే. సింగిల్ ఫేజ్ మోటారుతోనూ ఇస్తారు. కాపు రేకు ఉంటుంది. మామ నాలుగు ప్రశ్నలకూ నాలుగు నిమిషాల్లో జవాబులు.

"మరి ఆ వెబ్‌సైట్ సంగతేంటి బాబూ?" అని అడిగాను.

నవ్వేశాడు. "అది మా నాన్న కాలంలో చేయించింది అంకుల్. చేసినాయన కెనడా వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ మాకెవరికీ తెలీదు. దాన్ని ఎవరూ చూడరులెండి, మా వ్యాపారమంతా వాట్సాప్‌లోనే."

ఎవరూ చూడరట. మేం చూశాం కదా! పైగా ఫారం పంపితే 'అందింది' అని జవాబు చెప్పింది కూడా. మూసేసిన దుకాణానికి 'తెరిచి ఉంది' అనే బోర్డు వేలాడదీసి వెళ్లిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

ధర 62 వేలు కాదు. 88,500. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే 15,930. మొత్తం 1,04,430. లారీ కిరాయి వేరు. లక్ష అప్పు ముందే చాల్లేదు. మామ ఓ నిట్టూర్పు విడిచి, "ఇనుము ధర పెరగదా మరి, వాళ్లనేమనాలె?" అన్నాడు. కష్టం చేసి బతికేవాడికి ఎదుటివాడి కష్టం ఇట్టే తెలుస్తుంది కాబోలు. పై డబ్బుకు అత్త తన పుస్తెలతాడు గొలుసు బయటికి తీసింది.

ముఖం తెలియని వాళ్లకు లక్ష పంపాలంటే నాకే గుండె దడదడలాడింది. ఇక్కడో మాట. ఇలాంటప్పుడు ఏ సంస్థదైనా జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి. ఆ నంబరు ఎవరి పేరున ఉందో, ఎక్కడ ఉందో, ఇప్పుడు చెల్లుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. డబ్బు కూడా ఎవరి సొంత ఖాతాలోకో కాకుండా సంస్థ పేరున ఉన్న ఖాతాలోకే పంపండి. మేం అలాగే చేశాం. సగం ముందు, మిగతా సగం మిషన్ బయల్దేరే ముందు.

ఆత్మకూరుకే వచ్చింది!

మూడు వారాలన్నది ఐదు వారాలయింది. సంక్రాంతి వెళ్లింది. అత్తమ్మ ఇంటి గోడలకు రంగులు పడుతున్నాయి. మామ, కొడుకు చేతి రందలతోనే తలుపులు మొదలుపెట్టారు. కణుపు తెగిన వేలితో రంద పట్టడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు. రాత్రిళ్లు చెయ్యి వాచి నిద్రపోవడం లేదని కొడుకు చెప్పాడు.

ఓ రోజు పొద్దున్నే మామకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఫోన్. ఆ సంభాషణ తర్వాత నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించాడు.

"మీ మిషనరీ వచ్చింది సార్. కిరాయి 6,800 కట్టి తీసుకుపోండి."

"అయ్యో, ఇప్పుడే వస్త సార్. యాడున్నది మీ ఆఫీసు?"

"ఆత్మకూరులోనే సార్. బస్టాండు దగ్గర."

మామ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. లారీ లేదు, ఆఫీసూ లేదు. మళ్లీ ఫోన్ చేశాడు.

"బస్టాండ్లనే ఉన్న సార్. మీరు కనపడ్తలేరు."

"మేమూ బస్టాండు దగ్గరే ఉన్నాం సార్. శ్రీశైలం పోయే రోడ్డు వైపు రండి."

"శ్రీశైలమా! మా ఊర్ల శ్రీశైలం రోడ్డు యాడిది సార్?"

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత వచ్చింది ఆ ప్రశ్న: "మీది ఏ ఆత్మకూరు సార్?"

మిషన్ నంద్యాల జిల్లా ఆత్మకూరులో దిగింది. మొన్నటి కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. ఆర్డరు వాట్సాప్‌లో మాట్లాడుకున్నా, చిరునామా మాత్రం 'మీరు ఫారంలో పంపారు కదా' అంటూ గుమస్తా దాని నుంచే ఎక్కించుకున్నాడు. అంటే మా ఫారం వాళ్లకు అందింది. ఎక్కడో ఓ మూల పెట్టెలో పడి ఉంది. పనికొచ్చినప్పుడు కాదు, పని చెడగొట్టేటప్పుడు బయటికొచ్చింది! ఆంధ్రప్రదేశ్, ఆత్మకూరు. లారీవాడి తప్పేముంది? కాగితం మీద ఏ రాష్ట్రం ఉంటే ఆ రాష్ట్రానికి తోలాడు.

మన దగ్గర ఆత్మకూర్లు ఒకటా రెండా? నెల్లూరు జిల్లాలో ఒకటి. నంద్యాల జిల్లాలో ఒకటి. అనంతపురం జిల్లాలో ఇంకొకటి. ఇటు తెలంగాణలో హనుమకొండ జిల్లాలో ఉంది. పాత నల్లగొండలో అయితే రెండున్నాయి. యాదాద్రి భువనగిరిలో ఉన్నదాన్ని 'ఎం' అని, సూర్యాపేటలో ఉన్నదాన్ని 'ఎస్' అని పక్కన అక్షరం తగిలించి పిలుచుకుంటాం. ఇన్ని ఊళ్లకు ఒకే పేరున్నప్పుడు, రాష్ట్రం, జిల్లా గడులే దిక్కు. ఆ గడులే తప్పయితే సరుకు ఎక్కడికైనా పోతుంది. నయం, నెల్లూరు పోలేదు!

ఇక అక్కడి నుంచి తెప్పించడం ఓ యజ్ఞం. 50 వేలకు మించిన సరుకు బండిలో కదలాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. అందులో చేరాల్సిన ఊరు తప్పు. కంపెనీవాళ్లు కొత్తది పంపేదాకా ట్రాన్స్‌పోర్టువాళ్లు మిషన్ వదల్లేదు. గోదాములో ఉంచినందుకు రోజువారీ అద్దె. చివరకు మామ ఓ డీసీఎం వ్యాను మాట్లాడుకుని తానే వెళ్లి, తుంగభద్ర దాటి, కృష్ణ దాటి, అర్ధరాత్రి ఇంటికి చేర్చుకున్నాడు. వ్యానుకు 7,500. 'ఇందులో సగమన్నా మీరు భరించండి' అని ఓనరు గారి అబ్బాయిని అడిగాను. "రాష్ట్రం మీరే తప్పు రాశారు కదా అంకుల్" అన్నాడు. తెలంగాణ ఉంటే రాయనా బాబూ!

గృహప్రవేశం ముహూర్తానికి తొమ్మిదింటిలో నాలుగు తలుపులే నిలబడ్డాయి. సింహద్వారం మాత్రం చేతి రందతోనే అద్దంలా తేల్చాడు. మిగతా గదులకు అత్తమ్మ దుప్పట్లు కట్టుకుంది. ఆమె ఒక్క మాటా అనలేదు. కానీ మామ ఆ రోజు బంతిలో కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి అక్షింతలు వేసి వచ్చేశాడు.

వాకిలికి రంద

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మిషన్ మాత్రం బంగారం. బల్ల పోత చూసి మామ మురిసిపోయాడు. మూలమట్టం పెట్టి చూస్తే ఎక్కడా వంక లేదు. మిగిలిన ఐదు తలుపులు వారంలో అయిపోయాయి. ఇంత చక్కగా ఇనుముతో పనిచేసే మనుషులు తమ వాకిలిని అంత అధ్వాన్నంగా ఎలా వదిలేశారన్నదే నాకు అంతుబట్టలేదు.

వాళ్లు దుర్మార్గులేం కాదు. దగ్గరివాళ్లు నేరుగా కార్ఖానాకు వస్తారు. పెద్ద కొనుగోలుదార్లకు ఏజెంట్లుంటారు. కాబట్టి వెబ్‌సైట్ పాడుబడితే వాళ్లెవరికీ నష్టం లేదు. దాని మీదే ఆధారపడేవాడు ఎవడయ్యా అంటే, రైలెక్కి అంత దూరం పోలేనివాడు, ఏజెంటు తెలియనివాడు, ఒక్కటంటే ఒక్క మిషన్ కొనేవాడు. ఆ పాడుబడ్డ వాకిలి ఖర్చంతా వాడి నెత్తినే పడుతుంది. మామ లెక్క చూపించాడు: మిషన్ రాకముందే కట్టిన కిస్తీలు రెండు, వ్యాను, గోదాము అద్దె.

చట్టం ఏమీ లేదా అంటే ఉంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవారు తమ అసలు పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. 'మిషన్ వ్యాపారానికి కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కారు' అని ఎవరైనా అంటే నమ్మకండి. కేవలం సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువైతే కొన్నవాడు వినియోగదారుడేనని 2019 చట్టం చెబుతోంది. మీరుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు.

ఇదంతా మామకు చెప్పి, ఫిర్యాదు రాద్దామా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఒద్దులేరా. రేపు బ్లేడ్లు గావాలన్నా వాళ్లనే అడగాలె." ఆ తర్వాత కొత్త మిషన్ మీద పడ్డ పొట్టును చేత్తో తుడుస్తూ అన్నాడు: "వానకాలమొస్తె తలుపులు ఉబ్బుతయి. రాసుకుంటయి, పడయి. నేను పెట్టిన తలుపులన్నిటికీ ఏడాదికొక్కసారి పోయి రెండు రందలు పట్టొస్త. పైస తీసుకోను. నేను పెట్టిన తలుపు గద! వాళ్లు సుత ఆ వాకిలికి ఏడాదికొక్కపారి రంద పట్టుకుంటె ఏం పోయింది?"

ఈ మాటనే నాకొచ్చిన హిందీలో రాసి ఓనరు గారి అబ్బాయికి పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

మొన్న ఆదివారం ఏమీ తోచక ఆ సైటు మళ్లీ తెరిచాను. ఖాళీ డబ్బాలు అలాగే ఉన్నాయి. నేనింకా 4,812వ అతిథినే. కానీ ఆర్డరు ఫారం తెరిచి చూస్తే తమిళనాడుకూ త్రిపురకూ మధ్య కొత్త పేరు. తెలంగాణ! కెనడాలో ఉన్నాయన్ని ఎలాగో పట్టుకున్నట్టున్నారు. ఆత్రంగా జిల్లాల జాబితా తెరిచాను. 33 ఉండాల్సిన చోట 10 ఉన్నాయి. వనపర్తి లేదు.

మామకు ఫోన్ చేసి చెప్పాను. అవతల మిషన్ చప్పుడు ఆగింది. "రాష్ట్రమొచ్చింది గద, జిల్లా సుత వస్తదిలే" అని నవ్వి, "సాలు, ఫోన్ పెట్టు, పోరడు ఒక్కడే ఉన్నడు మిషన్ కాడ" అన్నాడు.